జూలై 26న సైనికుల సభ పెడుతున్నారా? సన్మానాలు చేయించుకున్నవాడి మాటలు

రిటైరై ఊరికొచ్చాక నాకు కప్పిన శాలువాలతో బీరువాలో పై అర నిండిపోయింది. మెమెంటోలను మా మనవడు క్రికెట్టుకి వికెట్లుగా నిలబెట్టుకుంటున్నాడు. జూలై వచ్చిందంటే ఏ స్కూలు నుంచో, ఏ యువజన సంఘం నుంచో ఫోను తప్పదు: "సార్, 26న కార్గిల్ విజయ్ దివస్, మీరు తప్పకుండా రావాలి." వెళ్తాను. పిలిచేవాళ్ల మనసులో ఏ లోపమూ లేదు. తీరా వెళ్లాక జరిగేది మాత్రం మామూలు రాజకీయ సభే. మేం పక్కన అలంకారానికి కూర్చుంటాం.

నేను సిగ్నల్స్‌లో, అంటే సైన్యానికి ఫోన్లు, వైర్‌లెస్ నడిపే విభాగంలో పనిచేసి హవల్దార్‌గా పెన్షన్ మీద వచ్చేశాను. తుపాకీ కన్నా కేబుల్ చుట్ట మోసిన రోజులే ఎక్కువ. పెద్ద వీరుణ్ణేం కాదు. కానీ స్టేజీ మీద ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో తెలుసు. అందుకే సభ పెట్టేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదట రోజు సంగతి తేల్చుకోండి. కార్గిల్ యుద్ధం 1999 మే నుంచి జూలై దాకా నడిచింది. మనవాళ్లు 527 మంది పోయారు. కాబట్టి జూలై 26 ముందుగా పోయినవాళ్లది, ఆ తర్వాతే మాలాంటి మిగిలినవాళ్లది. బతికున్న మాజీ సైనికులను పిలిచి గౌరవించడమే మీ ఉద్దేశమైతే దానికి జనవరి 14 ఉంది. మన సైన్యానికి మొదటి భారతీయ అధిపతి కరియప్ప 1953లో రిటైరైన రోజు అది. చిక్కేమిటంటే ఆ రోజు మనకు భోగో సంక్రాంతో అయి కూర్చుంటుంది. ఊరంతా ఇళ్లలోనే ఉంటారు గానీ సభకి ఒక్కడూ రాడు. డిసెంబర్ 7 సాయుధ దళాల జెండా దినం, 1949 నుంచి జరుపుతున్నారు. డిసెంబర్ 16 బంగ్లాదేశ్ యుద్ధంలో గెలిచిన రోజు. ఏదైనా ఎంచుకోండి. నేను జూలై 26నే పట్టుకుని చెబుతాను, ఎక్కువమంది పెట్టేది అప్పుడే కాబట్టి.

ముందు పేర్లు, తర్వాతే మైకు

పని జూన్‌లోనే మొదలుపెట్టాలి. మొదటి పని హాలు మాట్లాడటం కాదు, పేర్ల పట్టిక రాయడం. మీ ఊరి నుంచి సైన్యంలోకి ఎవరెవరు వెళ్లారు, డ్యూటీలో ఎవరు పోయారు, తిరిగొచ్చి తర్వాత కాలం చేసినవాళ్లెవరు, ఇప్పుడున్నవాళ్లెవరు, ఇంకా సర్వీసులో ఉన్నవాళ్లెవరు. ఒక పొడుగు నోటుపుస్తకం కొని ఒక్కో మనిషికి ఒక్కో పేజీ ఇవ్వండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, మన దేశంలో చాలా పాత ఊళ్లలో మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత తెల్లవాళ్లు పెట్టించిన రాతి పలకలున్నాయి. "ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్లారు, ఇంతమంది ప్రాణాలిచ్చారు" అని చెక్కి ఉంటుంది. అంకె ఉంటుంది, పేరుండదు. మునిమనవడు వెళ్లి చూసుకున్నా అందులో తన తాతను పోల్చుకోలేడు. మన సభల్లో "ఎందరో వీరులు" అని ఉపన్యాసం దంచేసి దిగిపోయే వక్త చేసేదీ అదే పని.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరంలాగా మిలిటరీ పేరుతోనే పిలిచే ఊరైతే పట్టికకు పెద్ద కష్టం లేదు, ఏ అరుగు మీద కూర్చున్నా చెబుతారు. మిగతా ఊళ్లలో తిరగాలి. అందరికన్నా పెద్ద మాజీ సైనికుడు ఎవరో కనుక్కుని ఆయన దగ్గర ఓ సాయంత్రం కూర్చోండి. ఎవరు ఏ ఏడు భర్తీ అయ్యారో, ఎవరు ఎవరితో కలిసి రైలెక్కారో ఆయనకు నోటికొచ్చు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి సభ సంగతి చెప్పండి. అడ్రసులు చేతిలో పెట్టమని పట్టుబట్టకండి, మీ కబురు అందే దారి అడగండి. మిలిటరీ క్యాంటీన్‌కి సరుకులకొచ్చే ఎవరో ఒకరి చేతికి మీ ఫోన్ నంబరున్న కాగితం ఇచ్చినా నాలుగు ఊళ్లకు పాకుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ల పేరూ యూనిటూ సరిచూసుకోవడానికి ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం ఉంది. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది. అందులో త్యాగ చక్రం గోడల మీద 25 వేలకు పైగా పేర్లు గ్రానైట్ పలకల్లో చెక్కారు. దాని వెబ్‌సైట్లో పేరు కొట్టి వెతుక్కోవచ్చు. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్లకు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్ చూడండి. మన పేర్లను అప్పటి గుమస్తాలు ఎలా తోస్తే అలా రాశారు, కాబట్టి ఒకే పేరుకి నాలుగైదు రకాల స్పెల్లింగులు వేసి చూడాలి.

ఒక్కో పేరుకి ఐదు సంగతులు రాబట్టండి: ర్యాంకు, పేరు, యూనిట్, ఎక్కడ, ఏ ఏడు. "మేజర్ పద్మపాణి ఆచార్య, 2 రాజ్‌పుతానా రైఫిల్స్, కార్గిల్, 1999." "కల్నల్ సంతోష్ బాబు, 16 బిహార్, గల్వాన్, 2020." చదవడానికి ఐదు సెకన్లు. ఇద్దరికీ మహావీర్ చక్ర వచ్చింది, అదీ చేర్చుకోవచ్చు. "మన హైదరాబాదు బిడ్డ, మన సూర్యాపేట సింహం" లాంటివి వక్తలకు వదిలేయండి. ఫౌజీకి యూనిట్ అంటే ఇంటిపేరు లాంటిది. అది తప్పు చదివితే పైకి నవ్వి ఊరుకుంటాం గానీ లోపల చివుక్కుమంటుంది.

యుద్ధంలో పోయినవాళ్లనే రాయకండి. సియాచిన్‌లో మంచుచరియ కింద పోయినవాడు, కొండ దారిలో ట్రక్కు లోయలో పడి పోయినవాడు, జ్వరంతో ఫీల్డు ఆసుపత్రిలో పోయినవాడు, అందరూ డ్యూటీలో పోయినవాళ్లే. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వాళ్ల ఇళ్లకూ వెళ్లండి. వాళ్లకు అక్టోబర్ 21న పోలీసు సంస్మరణ దినం వేరే ఉంది, 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనావాళ్ల కాల్పుల్లో పదిమంది పోయిన రోజు. అయినా ఊరి సభలో వాళ్ల పేరు రాకపోతే ఆ ఇంట్లో బాధ ఉంటుంది.

యూనిట్ తెలియనప్పుడు ఏం చేయాలో చెబుతాను. పక్క ఊళ్లో ఒక ముసలావిడ ఇంటికి కుర్రాళ్లతో కలిసి వెళ్లాం. కొడుకుని అడిగితే "నాన్న మిలిటరీ, డ్రైవర్ చేశాడు, అంతకన్నా తెలీదు" అన్నాడు. అటక మీంచి నల్ల ట్రంకు పెట్టె దించారు. మూత మీద తెల్ల పెయింటుతో రాసిన నంబరు సగం చెరిగిపోయింది. అడుగున పాత పంచె ముక్కలో కట్టిన మెడల్స్. రిబ్బన్లు చివికిపోయాయి. గుండ్రటి మెడల్ ఒకటి తీసి, దాని అంచు మీద ఫోన్ టార్చి పడేలా పట్టుకుని మెల్లగా తిప్పమన్నాను. అంచు చుట్టూ సన్నటి అక్షరాలు: నంబరు, ర్యాంకు, పేరు, ఆఖర్న ఏఎస్‌సీ, అంటే ఆర్మీ సర్వీస్ కోర్. ఆ కట్టలోనే పూర్వీ స్టార్ ఉంది. అది 1971లో తూర్పు వైపు, బంగ్లాదేశ్ యుద్ధంలో ఉన్నవాళ్లకిచ్చింది. పడమటి వైపు ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్. తల నెరిసిన ఆ కొడుకుకి వాళ్ల నాన్న యుద్ధంలో ఉన్నాడని తెలిసింది ఆ రోజే. ముసలావిడ మాత్రం "నాకు తెలుసు, అప్పుడు ఉత్తరాలు రాలేదు" అంది.

కాబట్టి మెడల్స్ చూపించమని అడగండి. గుండ్రటివాటికి అంచు చూడండి, స్టార్ అయితే వెనకవైపు చూడండి. కార్గిల్‌కి ఆపరేషన్ విజయ్ పేరుతో స్టారూ మెడలూ ఉన్నాయి, 1965కి సమర్ సేవా స్టార్. ఇంకో ముఖ్యమైన మాట. సభకి మెరవాలని చింతపండు పెట్టి తోమకండి. అక్షరాలు అరిగిపోతే మళ్లీ రావు. పొడి మెత్తటి గుడ్డ చాలు.

పిలవడం

వాట్సాప్‌లో కార్డు పంపి ఊరుకోకండి. ఇంటికి వెళ్లండి, భార్యాభర్తలిద్దర్నీ పిలవండి. ఆయన మంచుకొండల్లో ఉన్నన్నాళ్లూ పొలం, పిల్లలు, అత్తమామలు అన్నీ ఆవిడ నెత్తినే ఉన్నాయి. స్టేజీ మీద ఒక్క కుర్చీ వేసి ఆవిణ్ణి జనంలో కూర్చోబెట్టడం నాకెప్పుడూ నచ్చదు.

యూనిఫాం వేసుకుని రమ్మని అడగకండి. రిటైరయ్యాక మేం మామూలుగా అది వేసుకోం. మెడల్స్ పెట్టుకు రమ్మనండి. ఎవరి మెడల్స్ వాళ్లకి ఎడమవైపు. మనిషి లేకపోతే ఆయన మెడల్స్‌ని భార్యగానీ బిడ్డగానీ కుడివైపు పెట్టుకోవచ్చు. ఇది చాలామందికి తెలియదు. చెబితే ఆ ఇంట్లోవాళ్లు ఎంత పొంగిపోతారో.

"సార్, ఒక్కసారి సెల్యూట్ కొట్టండి, ఫొటో" అనేవాళ్లు ప్రతి సభలో ఉంటారు. మా సైన్యంలో నెత్తిన టోపీ లేకుండా సెల్యూట్ చేయం, సావధాన్‌లో నిలబడతాం. వద్దన్నవాణ్ణి బలవంతపెట్టకండి.

అడగాల్సింది వేరే ఉంది. మెట్లు ఎక్కగలరా? చెవులు ఎలా ఉన్నాయి? ఆర్టిలరీలో చేసినవాళ్లలో చాలామందికి వినికిడి తగ్గి ఉంటుంది. అలాంటివాళ్లను స్పీకర్ బాక్సు పక్కన కూర్చోబెడితే గోల తప్ప మాట వినపడదు. ఎదురుగా కూర్చోబెట్టండి. మోకాళ్లు అరిగినవాళ్ల కోసం స్టేజీయే వద్దనుకుని, కింద నేల మీదే అర్ధచంద్రంగా కుర్చీలు వేస్తే అన్నిటికన్నా మంచిది. జూలైలో వాన గ్యారంటీ కాబట్టి స్కూలు వరండా గానీ కల్యాణ మంటపం గానీ చూసుకోండి.

ముందు వరస అమరుల కుటుంబాలది. తర్వాత మాజీ సైనికులు, వయసు ప్రకారం. కెప్టెన్‌గారు ముందా, నాయక్ ముందా అని తల బద్దలు కొట్టుకోకండి. ఆ గొడవ సర్వీసులోనే అయిపోయింది. నాయకులకు రెండో వరస. కోప్పడితే కోప్పడనివ్వండి. ఒకసారి ఒక ఊళ్లో నాయకుడొకాయన వచ్చేదాకా మమ్మల్ని రెండు గంటలపైన ఎండలో కూర్చోబెట్టారు. మాలో షుగరున్న పెద్దాయనకు కళ్లు తిరిగాయి. తొమ్మిదింటికి అంటే తొమ్మిదింటికి మొదలుపెట్టండి. మా అలవాటుకి మేం ఎనిమిదిన్నరకే వచ్చి ఉంటాం.

ఆ గంట

మొత్తం గంటలో ముగించండి. మొదటి సగం పోయినవాళ్లది, అందులో చప్పట్లు లేవు. మైకులో ముందే చెప్పండి.

బల్ల మీద తెల్లగుడ్డ, ఫొటోలు, దీపం. ఫొటోలో ముఖం కనిపించేంత పెద్దదిగా చేయించండి, దండలతో కప్పేయకండి. పుష్పచక్రం పూలకొట్టులో చెబితే కట్టిస్తారు. పేర్లు చదివే పని గట్టి గొంతున్న ఇద్దరు పిల్లలకివ్వండి. వారం ముందే కాగితం ఇచ్చి, యూనిట్ పేర్లు మాలాంటివాడి ముందు ఒకసారి చదివించండి. ఒక్కో పేరుకీ మధ్య ఊపిరి తీసుకునేంత ఆగాలి. పేరు చదువుతుండగా ఆ ఇంటివాళ్లు లేచి ఒక పువ్వు పెడతారు. అందరివీ అయ్యాక ఊరి తరఫున పుష్పచక్రం: రెండు చేతులతో పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, ఆగి, నమస్కారం. ఫొటోగ్రాఫర్ కోసం తిరిగి చూడకూడదు.

తర్వాత బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే వీడ్కోలు బాణీ, రెండు నిమిషాల మౌనం, మళ్లీ బ్యూగిల్ మీద రౌజ్ అనే మేలుకొలుపు బాణీ. దగ్గర్లో కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే బ్యూగిల్ వాయించే క్యాడెట్ దొరకొచ్చు. లేకపోతే రికార్డింగు పెట్టండి. అదీ లేకపోతే ఉత్త మౌనం చాలు, సినిమా పాట మాత్రం వద్దు. మౌనానికి ఒకడు వాచీ పట్టుకుని నిలబడాలి. మన సభల్లో రెండు నిమిషాలంటే అర నిమిషంలో ఎవరో దగ్గుతారు, కూర్చుంటారు. నిజంగా నూట ఇరవై సెకన్లు నిలబడి చూడండి, చాలా పొడుగు. చంటిపిల్లాడు ఏడిస్తే ఏడవనివ్వండి, తల్లిని కసరకండి.

జెండా విషయంలో ఒక్కటి. విషాదం కదా అని మీ అంతట మీరు జెండాను సగానికి దించకండి. అది ప్రభుత్వం చెప్పినప్పుడే. స్మారకం ఆవిష్కరిస్తుంటే దాని మీద ముసుగుగా జాతీయ జెండా కప్పకండి, ఫ్లాగ్ కోడ్ ఒప్పుకోదు. మామూలు గుడ్డ వాడండి. పిల్లలకిచ్చిన చిన్న జెండాలు సభ అయ్యాక నేల మీద పడి ఉండకుండా ఏరించే బాధ్యత ముందే ఒకరికి అప్పజెప్పండి.

రెండో సగం బతికున్నవాళ్లది. ఇక్కడ చప్పట్లు ఎన్నైనా కొట్టండి. పిల్లలతో డాన్సు చేయిస్తే ప్లాస్టిక్ తుపాకులు, ఎర్ర రంగు పూసుకుని పడిపోవడాలు వద్దు. నిజంగా చూసినవాళ్లు ఎదురుగానే కూర్చున్నారని గుర్తుంచుకోండి. బాణసంచా అసలే వద్దు. ఔటు పేలితే ఈ వయసులోనూ ఉలిక్కిపడే మనిషి నాకు తెలుసు.

ఉపన్యాసాలకు బదులు ముగ్గురు మాజీ సైనికులతో పిల్లలు మాట్లాడాలి, ఒక్కొక్కరికి ఐదారు నిమిషాలు. "ఎంతమందిని చంపారు తాతగారూ?" అని ఎవడో ఒకడు అడుగుతాడు. టీచర్లు ముందే చెప్పి పెట్టండి. మొదటిసారి రైలెక్కినప్పుడు జేబులో ఏముంది? హిందీ రాకుండా ట్రైనింగు ఎలా గడిచింది? గుడారంలో బుఖారీ, అదే చలికాచుకునే పొయ్యి, ఎలా వెలిగించేవారు? ఇంటి ఉత్తరం ఎన్నాళ్లకొచ్చేది? ఇలాంటివి అడిగితే నోరు మెదపనివాడు కూడా మొదలుపెడతాడు. "కేరాఫ్ 56 ఏపీఓ" (ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు) అని అడ్రసు రాసిన ఇన్‌లాండ్ లెటర్ ఒకటి దొరికితే పిల్లల చేతికివ్వండి. ఊరి పేరు లేని అడ్రసుకి ఉత్తరం ఎలా చేరేదని వాళ్లే అడుగుతారు. వంటవాడు, క్లర్కు, డ్రైవరు, నాలాంటి కేబుల్ మోసేవాడు, అందర్నీ మాట్లాడించండి. అనుమతి అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి.

వీరనారుల, అంటే అమరుల భార్యల విషయంలో జాగ్రత్త. మైకు చేతికిచ్చి "మీ వారి గురించి చెప్పండమ్మా" అని ఏడిపించే సభలు చూశాను. చెప్పాలనుకుంటే ముందురోజు ఆవిడే చెబుతుంది. ఇంకోటి, మన సభల్లో ఆడవాళ్లకు కుంకుమ భరిణె తిప్పుతారు. ఆవిడ దగ్గరకొచ్చేసరికి ఆ పళ్లెం పక్క కుర్చీకి జరుగుతుంది. అందరి ముందూ. ఆ పళ్లెం సభలోకే తేకండి. వచ్చిన ప్రతి ఆడమనిషికీ ఒకే రకం పువ్వు ఇవ్వండి.

డబ్బులు, తర్వాతి పని

ఫ్లెక్సీ మీద నాయకుల ముఖాలు గుమ్మడికాయంత వేసి, అమరుడి ముఖం మూలన వేయడానికి అయ్యే ఖర్చుతో ఊరి పేర్లన్నీ చెక్కిన చిన్న నల్లరాయి వస్తుంది. పంచాయతీ తీర్మానం చేయించి స్కూలు గోడకు పెట్టించండి, కింద కొంచెం ఖాళీ వదలండి. శాలువాల డబ్బు మిగిలితే సాయుధ దళాల జెండా దినం నిధికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కట్టి రసీదు తీసుకోండి.

మా ముసలివాళ్లకి అన్నిటికన్నా పనికొచ్చే సన్మానం ఏమిటో చెప్పనా? పెన్షన్ అంతా ఇప్పుడు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతిలోకి వెళ్లిపోయింది. ఏడాదికోసారి బతికే ఉన్నామని నమోదు చేయించుకోవాలి. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోదు, ఓటీపీ ఎక్కడొస్తుందో తెలియదు. కంప్యూటర్ తెలిసిన కుర్రాడొకడు సభ అయ్యాక ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక పూట కూర్చుంటే చాలు. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డులో తప్పులు, కుటుంబ పెన్షన్ కాగితాల్లో భార్య పేరు తేడాలు, అన్నీ అప్పుడే బయటపడతాయి. పాస్‌వర్డులు మాత్రం కాగితం మీద రాసి వాళ్ల చేతికే ఇవ్వండి, మీ ఫోన్‌లో పెట్టుకోకండి.

నోటుపుస్తకం స్కూల్లోనో పంచాయతీలోనో పెట్టి ఒకరి పేరు మీద అప్పజెప్పండి. నిండని పేజీలు ఎలాగూ ఉంటాయి, వాటికోసం వచ్చే జూన్‌లో మళ్లీ తిరగాలి. కాపీ తీయించడానికి తెచ్చుకున్న పాత ఫొటోలు, మెడల్స్ వారంలోపు ఎవరివి వాళ్లకి చేరాలి. పోస్టులో పంపకండి, ఇంకెవరి చేతనో పంపకండి. తీసుకున్నవాడే వెళ్లి ఇచ్చి రావాలి.